పింఛనా, ఉద్యోగమా? మామూలు బడా, ప్రత్యేక బడా? దివ్యాంగుల ఇళ్లలో తెగని లెక్కలు

మా ఇంట్లో బీరువా పై అరలో బట్టల షాపువాళ్లు ఇచ్చిన జిప్పు సంచి ఒకటి ఉంటుంది. అందులో అన్నీ మా తమ్ముడి కాగితాలే. వైకల్య శాతం చెప్పే సదరం సర్టిఫికెట్, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, రేషన్ కార్డు జిరాక్సులు, ఏ ఆఫీసులో ఇచ్చారో గుర్తులేని రసీదులు. వాడికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కుడి కాలు, కుడి చెయ్యి సరిగా స్వాధీనంలో ఉండవు, మాట కొంచెం నెమ్మది. బుర్ర మాత్రం నాకంటే చురుకు. ఆ సంచి పట్టుకుని పదిహేనేళ్లు తిరిగాను. ఫలానా పథకం ఉందని చెప్పేవాళ్లు ప్రతి ఆఫీసు గుమ్మం దగ్గరా దొరికారు. రెండు దార్లున్నప్పుడు ఏది పట్టుకోవాలో చెప్పినవాళ్లు మాత్రం ఇద్దరో ముగ్గురో.

అందుకే ఇక్కడ పథకాల జాబితా ఇవ్వడం లేదు. ఇళ్లలో నిజంగా తెగని ప్రశ్నలు కొన్ని తీసుకుని, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తాను. ఉదాహరణలు ఎక్కువగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవి. మేముండేది గుంటూరు జిల్లా, మా పిన్నిగారి కుటుంబం ఖమ్మంలో ఉంటుంది. వాళ్లబ్బాయికి వినిపించదు. రెండు రాష్ట్రాల క్యూలూ చూసిన అనుభవం అలా వచ్చింది.

ముందు ఏం చూసుకోవాలి

మొదటిది, సర్టిఫికెట్‌లో ఏముంది? ఏ రకం వైకల్యం, ఎంత శాతం, శాశ్వతమా తాత్కాలికమా. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ కావాలంటే 40 శాతం ఉండాలి.

రెండోది, రోజూ పక్కన ఎవరుంటారు? బడికైనా ఉద్యోగానికైనా దింపి తీసుకొచ్చే మనిషి లేకపోతే కాగితం మీద ఎంత మంచి అవకాశమైనా రెండు నెలల్లో ఆగిపోతుంది. ఈ ప్రశ్నకు చాలామంది ‘చూసుకుందాంలే’ అంటారు. అది జవాబు కాదు, పేరు రాసి పెట్టుకోండి.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: దీన్ని తీసుకుంటే ఇంకేం పోతుంది, బెడిసికొడితే వెనక్కి రావడానికి దారి ఉందా? ఈ ప్రశ్న వేసుకోక మేం ఒకసారి ఏడాదికి పైగా నష్టపోయాం. ఆ కథ పింఛను దగ్గర చెబుతాను.

సర్టిఫికెట్: వచ్చిన శాతంతో సరిపెట్టుకోవాలా, అప్పీలుకు వెళ్లాలా?

సదరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పద్ధతి. స్లాట్ బుక్ చేసుకుని ప్రభుత్వ ఆసుపత్రిలో క్యాంపుకు వెళ్తే డాక్టర్లు చూసి శాతం వేస్తారు. యూడీఐడీ దేశమంతటికీ ఒకటే ఉండే కేంద్ర ప్రభుత్వ కార్డు. 40 శాతం లోపు ఉంటే తెల్ల కార్డు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 అంతకంటే ఎక్కువైతే నీలం. ‘సదరం ఉంది కదా, ఇదెందుకు’ అని వదిలేసేవాళ్లున్నారు. కేంద్ర స్కాలర్‌షిప్పులకు, కేంద్ర ఉద్యోగాలకు యూడీఐడీయే అడుగుతున్నారు. బెంగళూరులోనో చెన్నైలోనో చదువుకునే, పనిచేసే పిల్లలుంటే అది మరీ అవసరం. కాబట్టి అక్కడ ఎంచుకునేదేమీ లేదు, సదరం ఉన్నా యూడీఐడీ చేయించుకోండి.

అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మా తమ్ముడిని మొదటిసారి క్యాంపుకు తీసుకెళ్లిన రోజు అమ్మ వాడికి ఇస్త్రీ చొక్కా వేసి, తల దువ్వి, ‘డాక్టరు గారి ముందు నిటారుగా, బాగా నడువు నాన్నా’ అని చెప్పింది. వాడు పళ్లు బిగపట్టి గుమ్మం నుంచి బల్ల దాకా ఎనిమిది అడుగులు చక్కగా వేశాడు. డాక్టరు తలెత్తి చూసింది ఆ ఎనిమిది అడుగులే. శాతం 38 వచ్చింది. బయటికి రాగానే వాడు గోడ పట్టుకుని కూలబడిపోయాడు, అది చూడటానికి అక్కడ డాక్టరు లేడు.

38 అంటే రిజర్వేషన్ లేదు, పింఛను లేదు. అమ్మ ‘పోనీలే, వాడికి అంత లేదన్నమాటేగా’ అని సంతోషపడింది కూడా. నేను అప్పీలు పెట్టాను. సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోనే ఉంది. రెండోసారి వెళ్లినప్పుడు పాత ఎంఆర్ఐ రిపోర్టు, ఫిజియోథెరపీ చీటీలు తీసుకెళ్లాం. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి, మెట్లు దిగడానికి వాడికెంత సేపు పడుతుందో రాసి ఇచ్చాం. ఈసారి 60 దాటింది.

శాతం 35 నుంచి 40 మధ్య ఆగిపోయినవాళ్లు, పిల్లల వయసులో తాత్కాలిక సర్టిఫికెట్ వచ్చినవాళ్లు అప్పీలుకో, మళ్లీ పరీక్షకో వెళ్లడం లాభమే. 50, 60 ఉండి ఇంకాస్త పెంచుకుందామని తిరిగితే మాత్రం రోజులు వృథా. చాలా వాటికి 40 దాటితే చాలు. తర్వాత తేడా వచ్చే చోట్లు కొన్నే: ఆదాయపన్నులో ఎక్కువ మినహాయింపుకు, కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల పింఛనుకు 80 ఉండాలి. శాతం ఎక్కువ రాయించి పెడతామని క్యాంపు బయట తిరిగే మనుషుల జోలికి వెళ్లకండి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్లన్నిటికీ మళ్లీ వైద్య పరీక్షలు పెట్టినప్పుడు అలా తెచ్చుకున్నవాళ్లతో పాటు నిజంగా అవసరమున్నవాళ్లు కూడా నోటీసులు పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. పాత రిపోర్టులు దాచుకున్నవాళ్లు త్వరగా బయటపడ్డారు.

బడి: నాలుగు దార్లు

2016 చట్టం 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం అంతకంటే ఎక్కువ వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు. దగ్గర్లోని బడిలోనా, ప్రత్యేక బడిలోనా అన్నది వాళ్ల ఇష్టం. హెడ్‌మాస్టరు ‘ఇలాంటి పిల్లలకు వేరే స్కూళ్లుంటాయమ్మా’ అంటే ఆ మాటకు చట్టంలో చోటు లేదు. మాకు ఆ మాట చెప్పిన బడిలోనే, మండల విద్యాధికారి (ఎంఈవో) దగ్గరికి వెళ్లొచ్చాక, వాడు పదో తరగతి దాకా చదివాడు.

| దారి | ఎవరికి బాగుంటుంది | ఏం దొరుకుతుంది | ఏం వదులుకోవాలి |
|---|---|---|---|
| ఊరి బడి, మండలంలో భవిత కేంద్రం | నడక ఇబ్బంది, కొద్దిపాటి చూపు లేదా వినికిడి లోపం, నేర్చుకోవడంలో ఇబ్బంది | ఇంట్లోనే ఉండటం, ఊరి పిల్లలతో స్నేహం, అలవెన్సులు | ప్రత్యేక టీచరు రోజూ తరగతిలో ఉండరు |
| ప్రత్యేక బడి, హాస్టల్ | పూర్తిగా చూపు లేని, వినిపించని పిల్లలు | బ్రెయిలీ, సైగల భాష, తనలాంటి తోటివాళ్లు | చిన్న వయసులో ఇంటికి దూరం |
| ఓపెన్ స్కూల్ | మధ్యలో బడి మానేసినవాళ్లు, లెక్కలు లేదా ఇంగ్లీషు దగ్గర ఆగిపోయినవాళ్లు | ఒక్కో సబ్జెక్టుగా రాసుకోవడం | చెప్పే మనిషిని మనమే చూసుకోవాలి |
| ఇంటి దగ్గరే చదువు | కదల్లేని పిల్లలు | భవిత టీచరు ఇంటికి రావడం | వారంలో కొన్ని గంటలే, స్నేహితులు ఉండరు |

భవిత కేంద్రం గురించి తెలియని ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. సమగ్ర శిక్ష కింద రెండు రాష్ట్రాల్లోనూ మండలానికొకటి లెక్కన నడుస్తాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే టీచర్లు అక్కడ ఉంటారు, ఫిజియోథెరపీ కూడా కొన్ని రోజుల్లో జరుగుతుంది. రాకపోకలకు, తోడు వచ్చేవాళ్లకు అలవెన్సు ఉంటుంది, ఆడపిల్లలకు నెలకు రూ.200 చొప్పున 10 నెలలు స్టైపెండ్ ఇస్తారు. ఆ డబ్బు చిన్నదే, కానీ దానికోసం పేరు రాయించుకుంటే బడి రికార్డులో బిడ్డ వివరాలు సరిగ్గా ఎక్కుతాయి. పదో తరగతి పరీక్షల్లో స్క్రైబు (మన బదులు రాసిపెట్టే మనిషి), అదనపు సమయం అడిగేటప్పుడు ఆ రికార్డే పనికొస్తుంది.

అన్ని వైకల్యాలకూ ఒకే సలహా చెప్పేవాళ్లను నేను నమ్మను. వినిపించని బిడ్డ విషయంలో వయసే అంతా. ఖమ్మంలో మా పిన్ని కొడుకుకి రెండో ఏట తెలిసింది. వినికిడి కోసం ఆపరేషన్‌తో చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌కు ప్రభుత్వ సహాయం చిన్న పిల్లలకే, వయసు దాటితే ఆ దారి లేదు. ఆపరేషన్‌తో పని అయిపోదు, తర్వాత రెండు మూడేళ్లు మాట నేర్పే థెరపీకి తిరగాలి. మా పిన్ని వారంలో మూడు రోజులు బస్సెక్కగలనా అని లెక్క వేసుకుని, తోటికోడలు సాయం పడతానన్నాకే ఒప్పుకుంది. అలా తిరిగే వీలు లేని ఇంట్లో, ఊరి బడిలో వెనక బెంచీలో మౌనంగా కూర్చోబెట్టేకంటే సైగల భాష నేర్పే బడికి పంపడం ఎంతో మేలు. ఊరి బడిలో ఐదో తరగతి పాసైనా తన పేరు తప్ప రాయలేని పిల్లల్ని నేను చూశాను. బాపట్లలో, హైదరాబాద్ మలక్‌పేటలో వినికిడి లోపమున్న పిల్లలకు ప్రభుత్వ బడులున్నాయి.

చూపు లేని పిల్లలకు నా ఓటు ముందు ప్రత్యేక బడికి, ఆ తర్వాత మామూలు కాలేజీకి. బ్రెయిలీ, తెల్ల కర్ర, కంప్యూటర్‌లో తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఈ మూడూ చేతికొచ్చాక ఎక్కడైనా చదువుకోగలరు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ హైదరాబాద్‌లో చూపు లేని పిల్లల బడిలో చదివి, పదో తరగతి తర్వాత సైన్స్ ఇవ్వం అంటే కోర్టుకెక్కి తెచ్చుకున్నాడు. తర్వాత అమెరికాలో ఎంఐటీకి వెళ్లాడు, తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. అందరూ ఎంఐటీకి వెళ్లరనుకోండి. కానీ ‘వీళ్లకు ఆర్ట్స్ గ్రూపే’ అనే మాట ఇప్పటికీ కాలేజీల్లో వినిపిస్తుంది కాబట్టి చెబుతున్నాను.

మానసిక ఎదుగుదల తక్కువున్న, ఆటిజం ఉన్న పిల్లలకు బడి కంటే ముందు పరీక్ష ముఖ్యం. సికింద్రాబాద్ బోయినపల్లిలో మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో, నెల్లూరులోని ప్రాంతీయ కేంద్రంలో 6 ఏళ్ల లోపు పిల్లల కోసం ప్రత్యేక విభాగాలున్నాయి. ఒక్కసారి వెళ్లి, ఇంట్లో ఏం నేర్పాలో రాయించుకుని రండి. నెలకు వేలకు వేలు అడిగే ప్రైవేటు థెరపీ సెంటర్‌లో చేరేముందు ఆ చీటీ చేతిలో ఉంటే, వాళ్లు చెప్పేది అవసరమా కాదా మీకే తెలుస్తుంది.

నడకే ఇబ్బంది అయిన పిల్లల్ని ఊరి బడికే పంపండి. ర్యాంపు, బాత్‌రూమ్ ఉన్నాయా అని మీరే వెళ్లి చూడండి. మా వాడు ఆరో తరగతి నుంచి మధ్యాహ్నం నీళ్లు తాగడం మానేశాడు, ఎందుకో మాకు ఏడాది తర్వాత తెలిసింది. బాత్‌రూమ్ ముందు మూడు మెట్లు.

పది తర్వాత

ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, వయసులో 5 ఏళ్ల సడలింపు. కౌన్సెలింగ్‌లో మళ్లీ మెడికల్ బోర్డు చూస్తుంది, ఒరిజినల్ రిపోర్టులు లేకుండా వెళ్లకండి. మెడిసిన్ కావాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: శాతం 40 దాటిందన్న ఒక్క కారణంతో సీటు కాదనకూడదని, చదవగలరా లేదా అన్నది బోర్డు చూడాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 40 లేనివాళ్లకూ అవసరమైతే స్క్రైబును ఇవ్వాలని అదే కోర్టు 2021లో చెప్పింది.

డబ్బు దగ్గర, ఇంజినీరింగ్ లేదా డిప్లొమా అయితే సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ల సక్షమ్ స్కాలర్‌షిప్ ముందు చూడండి. ఏడాదికి రూ.50,000, కుటుంబ ఆదాయం రూ.8 లక్షల లోపు ఉంటే చాలు. మధ్యతరగతి ఇళ్లకు కూడా అది అందుతుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోని ప్రీ మెట్రిక్, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులకు ఆదాయ పరిమితి తక్కువ. ఒకే కోర్సుకు రెండు స్కాలర్‌షిప్పులు తీసుకోనివ్వరు కాబట్టి, ముందు వచ్చినదానికి సంతకం పెట్టేసే ముందు రెండో దాని మొత్తం ఎంతో చూసుకోండి.

ఉపాధి: సర్కారు కొలువు, ప్రైవేటు, సొంత పని

ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్. అంతకుముందు 1995 చట్టంలో 3 ఉండేది. చూపు, వినికిడి, కాళ్లుచేతుల వైకల్యానికి ఒక్కో శాతం. ఆటిజం, మానసిక వైకల్యం, మానసిక అనారోగ్యం, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవాళ్లందరికీ కలిపి ఇంకో శాతం. సెరిబ్రల్ పాల్సీ కాళ్లుచేతుల వర్గంలోకే వస్తుంది, ఇది తెలియక వేరే గడిలో టిక్కు పెట్టి దరఖాస్తు పాడుచేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

| | సర్కారు కొలువు | ప్రైవేటు | సొంత పని |
|---|---|---|---|
| రావడానికి పట్టే కాలం | ఏళ్లు | వారాలు, నెలలు | పెట్టుబడి దొరికితే నెలలు |
| భద్రత | మధ్యలో వైకల్యం వచ్చినా తీసేయకూడదు | కంపెనీ దయ | మన ఓపిక |
| ఇంటికి దూరం | పోస్టింగ్‌ను బట్టి | ఎక్కువగా నగరం | ఊళ్లోనే |
| విఫలమైతే | వయసు దాటిపోతుంది | పింఛను పోయి ఉంటుంది | అప్పు మిగులుతుంది |

సర్కారు కొలువు కోసం చదివేవాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ వయసులో 10 ఏళ్ల సడలింపు ఉంది. అదే ఒక్కోసారి ఉచ్చు అవుతుంది. ‘ఇంకా వయసుందిలే’ అంటూ ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా కోచింగ్ సెంటర్ గదిలోనే గడిపిన స్నేహితుడున్నాడు నాకు. మీ వైకల్యం వర్గంలో మీ జిల్లాకు గత రెండు నోటిఫికేషన్లలో ఎన్ని పోస్టులు వచ్చాయో చూడండి. ఒకటో రెండో ఉంటే, ఏదో ఒక పని చేసుకుంటూ చదవండి. భర్తీ కాని పోస్టులు బ్యాక్‌లాగ్ కింద తర్వాతి ఏడాదికి వెళ్తాయి, ఆ ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. వాటికి పోటీ కాస్త తక్కువ.

ప్రైవేటులో రిజర్వేషన్ లేదు. 20 అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలని నిబంధన ఉంది. ఇంటర్వ్యూలో ‘మీ విధానం ఉందా’ అని మెల్లగా అడిగి చూడండి, హెచ్‌ఆర్ మొహం చూస్తేనే ఆ సంస్థ ఎలాంటిదో తెలిసిపోతుంది. హైదరాబాద్ విద్యానగర్‌లో దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ కెరీర్ సర్వీస్ సెంటర్ ఉంది, శిక్షణ ఇస్తారు. యూత్‌ఫర్‌జాబ్స్ లాంటి సంస్థలు శిక్షణ ఇచ్చి కంపెనీలతో మాట్లాడతాయి. వినికిడి లోపమున్న పిల్లలకు రిటైల్, హోటల్ రంగాల్లో ఈ దారిన ఉద్యోగాలు వస్తున్నాయి. ఇంకోటి, ఈఎస్ఐ జీతం పరిమితి మామూలుగా రూ.21,000, దివ్యాంగులకు రూ.25,000.

సొంత పనికి రెండు రకాల డబ్బుంది. దివ్యాంగుల జాతీయ ఆర్థిక సంస్థ తక్కువ వడ్డీకి రుణం ఇస్తుంది, చిన్న మొత్తాలకు 5, 6 శాతం దగ్గర. సొంత యూనిట్లకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో దివ్యాంగులు ప్రత్యేక వర్గం కిందికి వస్తారు: పల్లెల్లో 35 శాతం, పట్టణాల్లో 25 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతం చాలు. మిగతాది బ్యాంకు ఇవ్వాలి, అసలు చిక్కు అక్కడే. మేనేజరు ‘హామీ ఎవరు’ అంటాడు. రెండు లక్షల లోపు పనికి తక్కువ వడ్డీ రుణం, మిషన్లు కొని నలుగురికి పని చూపించగలిగితే పీఎంఈజీపీ, ఇదీ నా లెక్క. సబ్సిడీ వస్తుంది కదా అని అవసరం లేని మిషను కొనకండి.

పింఛను: ఎంత వస్తుంది, ఎప్పుడు పోతుంది

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు రూ.6,000. పక్షవాతం, తీవ్రమైన కండరాల క్షీణత లాంటి వాటితో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు రూ.15,000. తెలంగాణలో 2023లో రూ.3,016 నుంచి రూ.4,016 చేశారు, రూ.6,000 చేస్తామన్నది ఎన్నికల హామీ. సరిహద్దు ఊళ్లలో ఈ తేడా చూసి రేషన్ కార్డు అటునుంచి ఇటు మార్చుకుందామనే ఆలోచన వస్తుంది. వద్దు. రెండు చోట్లా ఆధార్ ఒకటే, పట్టుబడితే ఉన్నదీ పోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుకు కుటుంబ ఆదాయం, భూమి, కారు, కరెంటు బిల్లు, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపన్ను అన్నీ చూస్తారు. ఆదాయం పల్లెల్లో నెలకు రూ.10,000, పట్టణాల్లో రూ.12,000 లోపు ఉండాలి, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములుంటే, అన్నకు మంచి ఉద్యోగం వచ్చిన రోజు తమ్ముడి పింఛను పోవచ్చు. రేషన్ కార్డు విడదీయడం గురించి అన్నకు పెళ్లయ్యాక ఆలోచించే బదులు ముందే ఆలోచించండి.

ఇప్పుడు మా కథ. తమ్ముడికి గుంటూరులో ఒక సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగం వచ్చింది, జీతం రూ.14,000. ఇంట్లో అందరం స్వీట్లు తిన్నాం. పీఎఫ్‌కు రూ.1,680, ఈఎస్ఐకి రూ.105 పోగా చేతికి రూ.12,215. షేర్ ఆటోకు నెలకు రూ.2,400, మధ్యాహ్నం తిండికి రూ.1,200. మిగిలింది రూ.8,615. ఇంట్లో కూర్చుంటే వచ్చే రూ.6,000తో పోలిస్తే రోజంతా నిలబడినందుకు అదనంగా రూ.2,615. అమ్మ ఈ లెక్క చూసి ‘దీనికోసమా’ అంది. నేను ఒప్పుకోలేదు. పీఎఫ్ కింద అంతే మొత్తం కంపెనీ కూడా వేస్తుంది, ఈఎస్ఐలో అమ్మానాన్నల వైద్యం కూడా వస్తుంది, అన్నిటికీ మించి వాడు సాయంత్రం ఇంటికొచ్చి మాట్లాడే మాటలు మారాయి. అక్కడిదాకా నా లెక్క సరైనదే.

ఏడో నెలలో ఆ బ్రాంచి మూతపడింది. పింఛను అప్పటికే ఆగిపోయింది. మళ్లీ పెట్టుకుందామంటే కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో ఎవరూ చెప్పలేదు. ఆన్‌లైన్‌లో వాడు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నట్టు చూపిస్తోంది, ఎందుకంటే కంపెనీ పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం మానేసిన తేదీ ఎక్కించలేదు. ఆ ఒక్క తేదీ కోసం, తర్వాత మంజూరు కోసం మొత్తం 14 నెలలు.

అందుకే ఎవరడిగినా ఇలా చెబుతున్నాను. పర్మినెంటు ఉద్యోగమైతే పింఛను గురించి ఆలోచించకుండా వెళ్లిపోండి. ఏడాది పాటైనా ఉంటుందో లేదో తెలియని ఉద్యోగమైతే, పింఛను ఆగినా ఆరు నెలలు నడిచేంత డబ్బు పక్కన పెట్టుకుని వెళ్లండి. మానేసిన రోజే పీఎఫ్‌లో తేదీ ఎక్కిందా, రిలీవింగ్ లెటర్ వచ్చిందా అని చూసుకోండి. పింఛను పోతుందన్న భయంతో ఉద్యోగమే వద్దనుకోవడం మాత్రం ఇరవై ఏళ్ల పిల్లల విషయంలో తప్పు. నలభై అయిదు దాటి, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవాళ్ల విషయంలో తప్పనను.

ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే ఈ లెక్కంతా మారుతుంది. సంపాదించుకోలేని దివ్యాంగ సంతానానికి తల్లిదండ్రుల తర్వాత కుటుంబ పింఛను జీవితాంతం వస్తుంది. కేంద్ర ఉద్యోగుల విషయంలో 2021లో ఆదాయ పరిమితిని బాగా సడలించారు. తండ్రి సర్వీసులో ఉండగానే బిడ్డ పేరు, సర్టిఫికెట్ సర్వీసు రికార్డులో ఎక్కించండి. ఆయన పోయాక ఎక్కించాలంటే ఎంత ఏడుపో చూసినవాళ్లకు తెలుసు.

18 నిండాక: సంరక్షకుడు కావాలా?

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. 2016 చట్టంలో పరిమిత సంరక్షణ అనే పద్ధతి ఉంది, అందులో ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే, అదీ ఆ వ్యక్తితో మాట్లాడి. సొంతంగా బ్యాంకుకెళ్లి సంతకం పెట్టగలిగిన మనిషికి పూర్తి సంరక్షకుణ్ణి పెట్టించకండి. మా బంధువులు కొందరు ‘పెట్టించేయండి, ఆస్తి గొడవలుండవు’ అన్నారు. ఎవరి ఆస్తి, ఎవరి గొడవ అని అడిగాక మళ్లీ ఆ మాటెత్తలేదు.

అదే ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి రూ.లక్ష దాకా ఇస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి. ఈ నాలుగు వైకల్యాలున్నవాళ్లు ఆరోగ్యశ్రీ లాంటివి ఉన్నా ఇది విడిగా చేయించుకోవాలి, ఎందుకంటే వాటిలో ఆపరేషన్లు, ఆసుపత్రి ఖర్చులే ప్రధానం.

ఎక్కడ అడగాలి

సచివాలయం లేదా మీసేవలో పని కాకపోతే జిల్లా దివ్యాంగుల సంక్షేమ శాఖ ఆఫీసు. అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ, ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి. అర్జీకి నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు. చదువు, ఉద్యోగాల్లో వివక్ష అయితే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు, వకీలు అక్కర్లేదు.

తమ్ముడు ఇప్పుడు మా ఊరి బస్టాండు ఎదురుగా చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాడు, తక్కువ వడ్డీ రుణంతో పెట్టింది. మెట్లు లేవు, గల్లా పెట్టె ఎడమ చేతి వైపు ఉంటుంది. సదరం స్లాట్ బుక్ చేయమని వచ్చేవాళ్లే ఎక్కువ. నిన్న ఒకాయన మనవరాలిని ఎత్తుకుని వచ్చాడు. వాడు కీబోర్డు మీద చెయ్యి పెట్టకముందే, తన నెమ్మది మాటతో ఆయన్ని రెండు ప్రశ్నలడిగాడు: ‘ఆధార్‌లో పాప పేరు ఎలా ఉంది తాతా? పాత చీటీలు తెచ్చావా?’